బండీ బాటా: లేహ్ ఎక్కడం సరే, దిగడం సంగతేంటి?

ఎండలు ముదిరాయంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలన్నీ ఒకే దారి పడతాయి. లద్దాఖ్‌లోని లేహ్, దాని పైనున్న ఖార్దుంగ్ లా (లా అంటే కనుమ), మనాలి రోడ్డు. ఎన్ని సీసీ కావాలి, ఏ జాకెట్ కొనాలి, బండి ఎక్కుతుందా అని అందరూ అడుగుతారు గానీ, ఎక్కిన బండి దిగాలి కదా అన్న మాట ఎవరికీ గుర్తుండదు. ఈసారి అనకాపల్లి నుంచి ఒకాయన దాన్నే అడిగారు, అందుకని ఆయనకిచ్చే జవాబు మిగతావాటికంటే పొడుగ్గా ఉంటుంది, ఏమీ అనుకోవద్దు.

నా దగ్గర 150 సీసీ బండి ఉంది, పాత కార్బ్యురేటర్ మోడల్. ఖార్దుంగ్ లా ఎక్కుతుందా? 350 సీసీ లేకపోతే సగం దూరం తోసుకుంటూ పోవాల్సిందే అని ఫ్రెండ్స్ భయపెడుతున్నారు. – ఓ పాఠకుడు, ఖమ్మం

ఎక్కుతుందండీ. కాకపోతే ముక్కుతూ మూలుగుతూ ఎక్కుతుంది. సముద్రమట్టం నుంచి ప్రతి వెయ్యి మీటర్లకూ ఇంజన్ సత్తా సుమారు పది శాతం పోతుంది. ఖార్దుంగ్ లా 5,359 మీటర్లు, అక్కడ గాలి ఒత్తిడి మన కోస్తాలో ఉన్నదాంట్లో సగానికి కాస్త అటూ ఇటూ. అంటే ఖమ్మంలో 14 హార్స్ పవర్ ఇచ్చే బండి అక్కడ ఏడెనిమిదితో లాక్కురావాలి. ఒక్కరే ఉండి, సామాను తక్కువ పెట్టుకుని, మొదటి రెండు గేర్లలో ఓపిగ్గా పోతే ఇబ్బంది లేదు. వెనక మనిషినీ, రెండు వైపులా సంచులనూ, పైన ఒక టెంటునూ వేసుకుంటే మాత్రం మీ ఫ్రెండ్స్ చెప్పిందే జరుగుతుంది.

మీ అసలు ఇబ్బంది సీసీ కాదు, కార్బ్యురేటర్. పైన గాలి పలచబడుతుంది గానీ కార్బ్యురేటర్‌కు ఆ సంగతి తెలియదు, పెట్రోలు మాత్రం కింద పంపినంతే పంపుతుంది. దాంతో నల్ల పొగ, ప్లగ్‌కు మసి, ఆపితే మళ్లీ స్టార్ట్ కాకపోవడం. ఒక కొత్త ప్లగ్, ప్లగ్ స్పానర్ దగ్గర పెట్టుకోండి, ఐడిలింగ్ కాస్త పెంచుకోండి, గాలి స్క్రూ ఎటు తిప్పాలో మీ మెకానిక్ దగ్గర ఇక్కడే నేర్చుకుని వెళ్లండి. ఎయిర్ ఫిల్టర్ తీసేయమని సలహా ఇచ్చేవాళ్లు దొరుకుతారు, వినకండి, ఆ దుమ్మంతా ఇంజన్లోకి పోతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో సెన్సర్ ఉంటుంది కాబట్టి పెట్రోలు పాళ్లు అవే సర్దుకుంటాయి, అయినా సత్తా తగ్గడం వాటికీ తప్పదు.

అన్నట్టు, అక్కడ బోర్డు పక్కన ఫొటో దిగి 18,380 అడుగులు అని స్టేటస్ పెట్టేస్తారు అందరూ. అసలు ఎత్తు 17,582 అడుగులు. ప్రపంచంలోకెల్లా ఎత్తైన రోడ్డన్న పేరు కూడా పాతదే, అదే లద్దాఖ్‌లో 19,024 అడుగుల ఉమ్లింగ్ లా దాన్ని ఎప్పుడో దాటేసింది.

పది రోజులే సెలవు. మనాలి మీదుగా వెళ్లాలా, శ్రీనగర్ మీదుగానా? – ఓ పాఠకుడు, విజయవాడ

శ్రీనగర్ మీదుగా ఎక్కండి, మనాలి మీదుగా దిగండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. శ్రీనగర్ సుమారు 1,600 మీటర్లు. అక్కణ్నుంచి జోజి లా 3,528 మీటర్లు దాటినా, రాత్రి పడుకునేది కార్గిల్‌లో, అది 2,676 మీటర్లే. మర్నాడు 4,108 మీటర్ల ఫోటు లా ఎక్కి దిగి 3,500 మీటర్ల లేహ్ చేరతారు. పగలు ఎంత ఎక్కినా, రాత్రి కిందికి వచ్చి పడుకుంటే ఒంటికి అలవాటు పడే వీలు దొరుకుతుంది.

మనాలి దారి అలా కాదు. 2020లో తొమ్మిది కిలోమీటర్ల అటల్ టన్నెల్ తెరిచాక రోహ్‌తాంగ్ కనుమ ఎక్కే పని కూడా లేకపోయింది, కుర్రాళ్లు ఉషారుగా పొద్దున మనాలిలో బయల్దేరి చీకటి పడేసరికి సర్చులో టెంట్ వేసేస్తున్నారు. సర్చు సుమారు 4,300 మీటర్లు, అంటే మీరు వెళ్లబోయే లేహ్ కంటే ఎత్తులో నిద్రపోతున్నారన్నమాట. తల పగిలిపోయే నొప్పి, వాంతులు, తెల్లార్లూ జాగారం, చాలామందికి ఈ టెంట్లలోనే. 3,000 మీటర్లు దాటాక పడక ఎత్తు రోజుకు 500 మీటర్ల కంటే పెంచొద్దని డాక్టర్లు చెప్పే లెక్క. ఆ దారే పోతానంటే సర్చుకు ముందే వచ్చే కీలాంగ్‌లోనో జిస్పాలోనో ఆగండి, కుదిరితే రెండు రాత్రులు. తాండి బంకులో ట్యాంకు నిండుగా కొట్టించండి, తర్వాతి బంకు 365 కిలోమీటర్లని అక్కడ పెట్టిన బోర్డు బైకర్లందరికీ తెలిసిందే.

ఇక పది రోజుల్లో విజయవాడ నుంచి బండి మీదే వెళ్లి రావడం మాత్రం మర్చిపోండి. ఢిల్లీ దాకా రైల్లో పార్శిల్ వేసుకోండి. ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తీసేయాలి, ఆర్సీ కాపీ, గుర్తింపు కార్డు కాపీ కావాలి, ప్యాకింగ్ వాళ్లు స్టేషన్ బయటే ఉంటారు. అద్దాలు మీరే ఊడదీసి సంచిలో వేసుకోండి.

మా అబ్బాయికి 23 ఏళ్లు, రోజూ జిమ్‌కు వెళ్తాడు. వచ్చే నెల లేహ్ పోతానంటూ ఆక్సిజన్ డబ్బా కొని తెచ్చాడు. అది ఉంటే భయం లేదంటున్నాడు. పంపనా? నాకేమో టెన్షన్‌గా ఉంది. – ఓ తల్లి, తెనాలి

పంపండమ్మా. కానీ ఆ డబ్బా చూసి మాత్రం ధైర్యపడకండి, అందులో ఉండేది కొన్ని నిమిషాల గాలి. జిమ్ కండలకూ ఎత్తు జబ్బుకూ సంబంధం లేదు, పైగా కండలున్నవాళ్లే తలనొప్పిని లెక్కచేయకుండా ఇంకా పైకి పోయి కష్టం తెచ్చుకుంటారు. లేహ్ చేరాక రెండు రోజులు బండి తాళం ముట్టుకోనని అబ్బాయి దగ్గర మాట తీసుకోండి. నీళ్లు బాగా తాగాలి, మద్యం జోలికి పోకూడదు.

మామూలు తలనొప్పి, వికారం అయితే అక్కడే ఆగి, తగ్గాకే పైకి కదలాలి. కూర్చుని ఉన్నా ఆయాసం వస్తున్నా, దగ్గులో గులాబీ రంగు నురగ పడినా, తిన్నగా నాలుగడుగులు వేయలేక తూలుతున్నా, మాట తడబడుతున్నా అది ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరుతున్న గుర్తు. అప్పుడు తెల్లారనిద్దాం అనుకోకూడదు, అర్ధరాత్రయినా కిందికి దించాల్సిందే, అదీ వేరే బండిలో, అతన్ని నడపనివ్వకుండా. లేహ్‌లో సోనమ్ నొర్బూ ఆసుపత్రి ఉంది, అక్కడి డాక్టర్లకు ఇవి రోజూ చూసే కేసులే. డయమాక్స్ అనే మాత్ర గురించి మీ డాక్టర్ని ముందే అడగండి, సల్ఫా మందులు పడనివాళ్లకు అది పనికిరాకపోవచ్చు. వేసుకుంటే వేళ్లు తిమ్మిర్లెక్కడం, మాటిమాటికీ బాత్రూంకు వెళ్లడం మామూలే.

ఇంకోటి, మీ టెన్షన్ తగ్గడానికి. మన ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ అయితేనే మోగుతుంది. అదీ ఊళ్లలోనే. మనాలి దారిలో పూటల తరబడి సిగ్నల్ ఉండదు. ఫోన్ కలవలేదంటే ఏదో అయిపోయిందని కాదు.

పోయినేడు పాడేరు ఘాట్ దిగుతుంటే వెనక డిస్క్ బ్రేకు ఉన్నట్టుండి పట్టడం మానేసింది. పెడల్ మెత్తగా కిందికి దిగిపోయింది. పక్కకు తీసి ఆపాను, అరగంటకు మళ్లీ మామూలే. మెకానిక్ చూసి ఏ లోపమూ లేదన్నాడు. ఈసారి లేహ్ వెళ్తున్నాం, అక్కడ ఇలా అయితే? – ఓ పాఠకుడు, అనకాపల్లి

మెకానిక్ అబద్ధం చెప్పలేదు. చల్లారాక చూస్తే లోపం కనపడదు. పెడల్ మెత్తబడిందన్నారు చూడండి, జవాబు అందులోనే ఉంది. బ్రేకు ఆయిల్ మరిగి పైపులో ఆవిరి బుడగలు చేరాయి. ఆయిల్‌ను నొక్కితే నొక్కుకుపోదు గాని ఆవిరి నొక్కుకుపోతుంది, అందుకే మీ కాలి బలమంతా బుడగల్ని అణచడానికే సరిపోయింది, డిస్క్ దాకా చేరలేదు. అదే పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే, అది ప్యాడ్లు వేడెక్కి జారిపోవడం. రెండూ వేరు.

డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. కానీ దానికి గాల్లోని తేమ పీల్చుకునే గుణం ఉంది, నీరు చేరాక ఆ అంకె 155 దాకా పడిపోతుంది. మీది సముద్రానికి దగ్గరి ఊరు, తేమకు కొదవా! ఆయిల్ ఎప్పుడు మార్పించారో గుర్తు లేదంటే మారలేదనే లెక్క. వెళ్లే ముందు రెండు బ్రేకులకూ మార్పించండి, బండి మొత్తం సర్వీసింగ్ కంటే ముందు ఈ పని.

అయితే ఆయిల్‌ను మరిగించింది మీ కాలే. ఘాట్‌లో భయంతో పెడల్ మీద కాలు ఆనించే దిగుతారు చాలామంది, ప్యాడ్లు డిస్క్‌ను రాసుకుంటూనే ఉంటాయి. ఖార్దుంగ్ లా నుంచి లేహ్‌కు సుమారు 40 కిలోమీటర్లలో 1,800 మీటర్లు దిగుతారు, అంత దూరం కాలు ఆనిస్తే ఏ బ్రేకూ మిగలదు. బండిని గేరుతో పట్టుకోవాలి. ఆ ఎత్తును ఏ గేరులో ఎక్కారో, దిగడం కూడా అదే గేరులో. రేస్ వదిలేయండి, క్లచ్ ముట్టుకోకండి, ఇంజన్ గుర్రుమంటూ బండిని వెనక్కి లాగుతుంది, ఆ చప్పుడుకు ఇంజన్ పాడైపోతుందని కంగారుపడి పై గేరు వేయకండి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దొర్లించేవాళ్లనైతే నేను ఏకంగా తిడతాను.

ఇప్పుడు ఒక్క మలుపు తీసుకుందాం. గాటా లూప్స్ ఉన్నాయి కదా మనాలి దారిలో, వరసగా 21 హెయిర్‌పిన్ మలుపులు. మలుపు ఇంకా ముందుండగానే, బండి నిటారుగా ఉన్నప్పుడే రెండు బ్రేకులూ కలిపి గట్టిగా, కొద్దిసేపు పట్టండి. దిగేటప్పుడు బరువు ముందుకు వస్తుంది కాబట్టి ముందు బ్రేకే ఎక్కువ ఆపుతుంది, దాన్ని చూసి భయపడొద్దు, ఒక్కసారిగా గుంజకుండా పిండితే చాలు. వేగం చచ్చాక ఒక గేరు తగ్గించి, బ్రేకు వదిలేసి అప్పుడు వంచండి. వంచాక ముందు బ్రేకు పడితే ఆ కంకరలో చక్రం చేతిలోంచి జారిపోతుంది. కళ్లు లోయ వైపు పోతాయి, పోనివ్వకండి, చూపు ఎటు ఉంటే బండి అటే పోతుంది. మలుపు చివర రోడ్డు ఎక్కడ కనిపిస్తుందో అక్కడ చూడండి. మీ ఎడమ పక్కనే ఉండండి, ఎందుకంటే ఎదురుగా ఎక్కే లారీ తిరగడానికి రోడ్డంతా వాడుకుంటుంది, దాన్ని తిట్టి లాభం లేదు. ఇరుకు చోట ఎక్కే బండికి దిగేవాళ్లే దారివ్వాలి, ఇది మర్యాద మాత్రమే కాదు, రోడ్డు నిబంధన. ఎక్కే లారీ ఒకసారి ఆగితే మళ్లీ కదలడం ఎంత కష్టమో చూస్తే మీకే అర్థమవుతుంది.

మధ్యమధ్య ఆగి అరచేతిని డిస్క్ దగ్గరగా, తగలకుండా పెట్టి చూడండి. సెగ కొడుతుంటే, కాలిన వాసన వస్తుంటే టీ తాగే వేళయిందని. వేడి డిస్క్ మీద నీళ్లు మాత్రం పోయకండి, వంకర పోతుంది. పాడేరులో అయినట్టే మళ్లీ అయితే, ఒక్కొక్క గేరే తగ్గించుకుంటూ, ముందు బ్రేకు సాయంతో కొండ వైపుకు తీసి ఆపండి, పూర్తిగా చల్లారే దాకా కదలకండి.

తిరుమలనే చూడండి. 1944 నాటి పాత ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికే, 1974లో వేసింది ఎక్కడానికి. దిగే బండి కొండ మీద ఎప్పుడు బయల్దేరిందో రాసిచ్చి, మరీ ముందుగా కిందికి వస్తే జరిమానా వేసే పద్ధతి అక్కడ ఉంది. చాలామంది విసుక్కుంటారు, నాకు మాత్రం ఆ పద్ధతి భలే నచ్చుతుంది.

స్కూటీ మీద ఇద్దరం వంజంగి మేఘాలు చూడ్డానికి వెళ్లొచ్చా? – ఓ పాఠకురాలు, విశాఖపట్నం

వెళ్లొచ్చు, కానీ పైన చెప్పిన గేరు విద్య మీకు సగమే పనికొస్తుంది. స్కూటీలో క్లచ్ దానంతటదే పట్టుకుని, ఇంజన్ చప్పుడు తగ్గగానే అదే వదిలేస్తుంది. రేస్ పూర్తిగా మూసేసి నెమ్మదిగా దిగుతుంటే ఒక వేగం దగ్గర అది వదిలేస్తుంది, బండి ఒక్కసారి తేలికై దొర్లడం మీకు తెలిసిపోతుంది. అప్పుడు రేస్ చిటికెడు ఇచ్చి వదలండి, మళ్లీ పట్టుకుంటుంది. అయినా భారం ఎక్కువగా బ్రేకుల మీదే పడుతుంది కాబట్టి ఆగుతూ ఆగుతూ దిగండి. తెల్లవారుజామున మంచుకు రోడ్డు తడిగా ఉంటుంది, మేఘాలు కాసేపు ఆగుతాయి లెండి, తొందరపడకండి.

దారిలో వాగులు దాటాలంటారు. ఎంత లోతుంటాయి? – ఓ పాఠకుడు, కరీంనగర్

వేళను బట్టి. అది కొండల మీది మంచు కరిగిన నీరు. పొద్దున్నే మడమల్లోతు ఉన్నది మధ్యాహ్నం ఎండకు మోకాళ్లు దాటొచ్చు, అందుకే వాగులున్న భాగం పొద్దున్నే దాటేయాలి. ముందు ఇంకో బండి ఎలా దాటిందో చూడండి, మొదటి గేరులో రేస్ తగ్గించకుండా పోండి, మధ్యలో క్లచ్ పట్టి ఆలోచించొద్దు. దాటాక తడి బ్రేకుల్ని రెండు మూడుసార్లు మెల్లగా పట్టి ఆరబెట్టండి. మరీ తెల్లారకముందే బయల్దేరితే మాత్రం నిన్నటి నీరు రోడ్డు మీద గడ్డకట్టి అద్దంలా ఉంటుంది, కాస్త ఎండ పడనివ్వండి.

పైకి వెళ్తే చిప్స్ ప్యాకెట్ ఉబ్బుతుంది కదా, టైర్లు కూడా పేలతాయా? – ఓ విద్యార్థి, కర్నూలు

మంచి ప్రశ్న. బయట ఒత్తిడి తగ్గడం వల్ల గేజీలో అంకె కొన్ని పాయింట్లు పెరుగుతుంది, అదే సమయంలో చలికి కొంత తగ్గుతుంది. పేలేంత ఏమీ ఉండదు. మెత్తగా ఉంటుందని పైన గాలి తీసినవాళ్లు కిందికొచ్చాక మళ్లీ కొట్టించుకోవాలి.

మనాలిలో బుల్లెట్ అద్దెకు తీసుకుని పాంగాంగ్, నుబ్రా తిరగొచ్చా? – ఓ పాఠకుడు, వరంగల్

లేహ్ దాకా వెళ్లొచ్చు. అక్కణ్నుంచి పాంగాంగ్, నుబ్రా వైపు బయటి అద్దె బండ్లను అక్కడి అద్దె బండ్ల వాళ్లు పోనివ్వరు, దారిలో ఆపేస్తారు, వాళ్లతో గొడవ పడి గెలిచినవాళ్లు నాకు తెలిసి లేరు. మనాలి బండిని లేహ్‌లో గెస్ట్‌హౌస్ దగ్గర పెట్టి, ఆ రోజులకు లద్దాఖ్ నంబరు బండి మళ్లీ అద్దెకు తీసుకోవాలి. అంటే ఆ రోజులకు రెండు బండ్ల అద్దె. ఖర్చు లెక్కలో అది ముందే వేసుకోండి, తీసుకునేటప్పుడు బ్రేకు ప్యాడ్లు వంగి చూడండి.