కాగితం చూసేది ఒకచోట, కొనేది మరొకచోట

ప్రశ్న: నేను ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. రెండేళ్లుగా కొండారెడ్డి బురుజును, తుంగభద్ర ఒడ్డును నీటిరంగులతో చిత్రిస్తున్నాను. మా ఊరి చిత్రలేఖన సామగ్రి దుకాణంలో 900 రూపాయలు చెప్పే డ్రాయింగు పుస్తకం ఆన్‌లైన్‌లో 720 రూపాయలకే వస్తోంది. దుకాణదారు ఓపికగా అన్నీ చూపిస్తారు; నేను చూసి వచ్చి ఫోనులో ఆర్డరు పెడుతున్నాను. పింఛనుతో గడుపుకొనే నేను ఆయన కోసం అదనంగా ఖర్చు పెట్టాలా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: తక్కువ ధరకు కొనుక్కోవడం తప్పు కాదు. అయితే మీ ఉత్తరంలో 180 రూపాయల తేడా కంటే "చూసి వచ్చి" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. నలిగిన నమూనా పుస్తకం ఆయనది, గడిచిన అరగంట ఆయనది, అమ్మకం మాత్రం మరొకరిది. దుకాణంలో తడిమి, అడిగి ఎంచుకొన్నదాన్ని అక్కడే కొనడం, ఆయన ప్రమేయం లేకుండా ఎంచుకొన్నదాన్ని మీకు నచ్చిన చోట కొనడం న్యాయమని నా అభిప్రాయం.

దీన్ని దానధర్మంగా భావించనవసరం లేదు. మన ఎండలకు మామూలు గుజ్జు కాగితం మీద ఆకాశం పూత పూర్తి కాకముందే ఆరి చారలు కడుతుంది. పూర్తిగా నూలుతో చేసిన 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) కాగితం తడిని ఎక్కువసేపు నిలుపుతుంది గాని, పుస్తకంగా కొంటే దాని ఖరీదు పింఛనుకు భారమే. 22 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు ఉండే విడి షీటు ఒకటి తెప్పించి ఇమ్మని ఆయనను అడిగి నాలుగుగా కోయించుకొంటే, 11 అంగుళాలకు 15 అంగుళాల కాగితాలు నాలుగు చేతికి వస్తాయి. అదే ఒక్క షీటును పార్సిలులో తెప్పించుకొంటే రవాణా రుసుము మీద పడుతుంది, మూలలు నలిగి వచ్చే అవకాశమూ ఉంది.

రంగుల ట్యూబులు కూడా పెట్టెగా కాక విడిగా, చేతిలోకి తీసుకొని చదివి కొనదగినవే. ట్యూబు మీద చిన్న అక్షరాలలో పీఆర్ 83 అనే రంగుపొడి సంకేతం ఉన్న అలిజరిన్ క్రిమ్సన్ ఎరుపు వెలుతురు సోకితే క్రమంగా వెలిసిపోతుంది, పీవీ 19 అనే సంకేతం ఉన్న రంగు అంతకంటే బాగా నిలుస్తుంది. (నా గోడ మీది మందారం ఇప్పుడు లేత గులాబీ అయింది.)

ఫోనులో కనిపించిన ధరను దాచకుండా ఆయనకే చూపించి, ఎంత తగ్గించగలరో అడగండి. ముద్రించిన గరిష్ఠ చిల్లర ధరను మించి ఎవరు అడిగినా అది చట్టవిరుద్ధం కనుక అక్కడ మొహమాటం అక్కర్లేదు. ఆయన తెప్పించలేనన్న కుంచెలను నిశ్చింతగా ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. లోపమున్న వస్తువును అమ్మకందారు వెనక్కి తీసుకోవాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి, నిరాకరిస్తే జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు ఫిర్యాదు చేయవచ్చు.