కోటతో మొదలుపెట్టకు

చిరంజీవికి ఆశీస్సులు.

లీక్టెన్‌స్టైన్ రాజధాని వాడుజ్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చిత్తుప్రతి చదివాను. కోటతో ఎత్తుకున్నావు. అందరూ అలాగే ఎత్తుకుంటారు. ఊరికి 120 మీటర్ల ఎత్తున, కొండ అంచున కూర్చుంది కాబట్టి కన్ను ముందు అటే పోతుంది. కానీ ఆ కోటలోకి సందర్శకుల్ని రానివ్వరు. 1938 నుంచి రాజకుటుంబం కాపురముంటున్న ఇల్లది. నీ "విశాలమైన దర్బారు హాలు" కొట్టెయ్. చూసే వీల్లేనిదాన్ని వర్ణించావని ఒక్క పాఠకుడు పసిగట్టినా, మిగతా వ్యాసం కూడా నమ్మడు.

నదితో మొదలుపెట్టు. ఇక్కడ మనవాళ్లు బోల్తా పడతారు. ఏటి ఒడ్డున ఊరనగానే రాజమండ్రి గుర్తొస్తుంది, మెట్లూ రేవులూ తోసుకొస్తాయి. వాడుజ్‌లో నడిబజారున నిలబడితే రైన్ కనబడనే కనబడదు. పడమరగా పావుగంటకు పైగా నడిచి, కట్ట ఎక్కాలి. ఆల్ప్స్ నుంచి వచ్చే రైన్ గులకరాళ్లు మోసుకొచ్చి అడుగు మేట వేసేది. నీటిమట్టం లేచిన కొద్దీ కట్టలూ పెంచాల్సి వచ్చేది. అయినా 1927 సెప్టెంబరులో పక్కనున్న షాన్ దగ్గర కట్ట తెగింది. పాత ఊరు ఏటికి ఎడంగా, కొండ పాదాన ఎందుకుందో ఇదొక్కటి చెబితే పాఠకుడికి అర్థమవుతుంది.

ఆ గులకరాళ్లనే పట్టుకుని మళ్లీ ఊళ్లోకి రా. 2000లో తెరిచిన కళా మ్యూజియం నల్లటి గోడల్లో, కాంక్రీటుతో కలిపి పోసి నున్నగా అరగదీసినవి బసాల్టు అనే నల్లరాయి, రైన్ రాళ్లే. దగ్గరికెళ్తే తప్ప తెలియదు.

పాత వంతెనకు ఒక పేరా పూర్తిగా ఇవ్వు. 1901 నాటిది, కర్రది, పైకప్పున్నది, పొడవు 135 మీటర్లు. నడిచేవాళ్లకూ సైకిళ్లకూ మాత్రమే. సరిగ్గా మధ్యలో లీక్టెన్‌స్టైన్ అయిపోయి స్విట్జర్లాండ్ మొదలవుతుంది, అడిగేవాడెవడూ ఉండడు. స్విట్జర్లాండ్‌తో 1923 నాటి సుంకాల ఒప్పందం, ఇక్కడ చెల్లే స్విస్ ఫ్రాంకు గురించి అక్కడే చెప్పెయ్. వేరే "ఆర్థిక వ్యవస్థ" పేరా అక్కర్లేదు.

చరిత్రలో నువ్వు వదిలేసిందే అసలు రుచి. ఆ కోటలోని రాజవంశం వాడుజ్‌ను 1712లో కొన్నది పవిత్ర రోమన్ సామ్రాజ్య సభలో కుర్చీ కోసం, ఊరి మీద మోజుతో కాదు. సింహాసనం మీదున్న రాజు ఇక్కడ కాలు పెట్టడానికి 1842 వచ్చింది!

చిన్న తప్పులు. రాజధాని కదా అని "దేశంలోకెల్లా పెద్ద ఊరు" అన్నావు. ఇక్కడి జనాభా ఆరు వేల లోపు, షాన్‌లో ఇంకాస్త ఎక్కువ. "రైలు దిగగానే" అని రాశావు, వాడుజ్‌లో స్టేషనే లేదు. స్విట్జర్లాండ్‌లో సార్గన్స్‌లోనో బుక్స్‌లోనో దిగి బస్సెక్కాలి. ఆదివారం చూసి "నిర్మానుష్యం" అనడం మరీ అన్యాయం. ఈ దేశంలో ఉద్యోగం చేసేవాళ్లలో సగానికి పైగా రోజూ సరిహద్దు దాటి వచ్చేవాళ్లే. పనిరోజు సాయంత్రం బస్టాపు చూడకుండా ఆ ఊరి గురించి తీర్పు చెప్పకు.

ఆగస్టు 15 వాళ్లకూ జాతీయ దినమే. తేదీ కలిసింది, అంతే. దాన్ని మన స్వాతంత్ర్యంతో ముడేసి పేరా సాగదీయకు. సవరించిన ప్రతి ఎనిమిది వందల మాటలు దాటకుండా పంపు.

ఇట్లు,
మాస్టారు