తమ్ముడు గేమ్‌లో 43 వేలు పోగొట్టాడు, నాన్నకు చెప్పాలా?

ప్రశ్న: మాది ఎచ్చెర్ల మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. నాన్న గుజరాత్‌లోని వీరావల్‌లో బోటు మీద పని చేస్తారు. అమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. నేను పైడిభీమవరంలో ఉద్యోగం చేస్తూ అక్కడే హాస్టల్లో ఉంటున్నాను. తమ్ముడికి 16 ఏళ్లు, శ్రీకాకుళంలో ఇంటర్ ఫస్టియర్. ఫోన్‌లో ఫ్రీ ఫైర్ మ్యాక్స్ అనే తుపాకుల గేమ్ ఆడతాడు. అమ్మ పాస్‌బుక్ ప్రింట్ వేయిస్తే అయిదు నెలల్లో 43 వేలు పోయినట్టు తేలింది. 36 వేలు గేమ్‌లో వస్తువులు కొనుక్కునే ‘వజ్రాల’కు పెట్టాడు. అది పూడ్చుకుందామని గేమ్‌లో తన ఖాతా (ఐడీ) అమ్మబోతే, కొంటానన్నవాడు ‘డిపాజిట్’, ‘వెరిఫికేషన్’ అంటూ ఇంకో 7 వేలు లాగి, జీమెయిల్ పాస్‌వర్డ్ కూడా తీసుకుని మాయమయ్యాడు. ఇది జరిగి పది రోజులైంది. అమ్మ ఫోన్ లాక్కుంది. వాడు అన్నం తినడం లేదు, కాలేజీకి వెళ్లడం లేదు. ‘నేను పోతే మీకు పీడా విరగడవుద్ది’ అన్నాడు. నాన్నకు ఇంకా చెప్పలేదు. డబ్బు తిరిగి వస్తుందా? వీడిచేత ఈ గేమ్ మాన్పించేదెలా?

సమాధానం: అమ్మా, మీరు చివర్లో రాసిన మాటతో మొదలుపెడదాం. ‘పీడా విరగడవుద్ది’ అన్నది కోపంలో అన్నాడో, నిజంగా అనుకున్నాడో దూరం నుంచి తేల్చలేం. అందుకే ఈ రోజే ఇంటికి వెళ్లి, అమ్మ లేనప్పుడు వాడినే అడగండి. ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా? ఎలా అన్నది కూడా ఆలోచించావా?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని పెద్దలు జంకుతారు. అలా పుట్టదు. అడిగినవాళ్ల దగ్గరే పిల్లలు నోరు విప్పుతారు. అవునన్నా, జవాబు చెప్పకుండా ముఖం తిప్పుకున్నా ఒంటరిగా పడుకోనివ్వకండి. ఇంట్లో పురుగుమందు, ఎలుకలమందు, మాత్రల డబ్బా ఉంటే వేరేవాళ్ల ఇంట్లో పెట్టించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ‘ఇలా చేసుకుందామనుకున్నాను’ అని దారి కూడా చెప్పాడంటే ఫోన్ దగ్గర ఆగిపోకండి. శ్రీకాకుళంలో మనం రిమ్స్ అనే ప్రభుత్వాసుపత్రికి అప్పుడే తీసుకెళ్లండి. డబ్బు సంగతి మర్నాడు చూసుకోవచ్చు.

పోయిన సొమ్మును రెండు ముక్కలుగా చూడాలి. ఆ 7 వేలు మోసం. వజ్రాలకు పెట్టిన 36 వేలు కొనుగోలు. రెండింటికీ దారులు వేరు.

మోసానికి 1930 నంబరు, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ సైటు ఉన్నాయి. మొదటి కొన్ని గంటల్లో ఫిర్యాదు చేస్తే డబ్బు అవతలి ఖాతాలో ఉండగానే ఆపించే అవకాశం ఎక్కువ. పది రోజులయ్యాక ఆ ఆశ చాలా తగ్గుతుంది. అయినా చేయండి, అదే ఖాతా మీద వేరేవాళ్ల ఫిర్యాదులు కూడా ఉండొచ్చు. దగ్గర పెట్టుకోవాల్సినవి: అమ్మ ఖాతా నంబరు, ఒక్కో చెల్లింపు తేదీ, మొత్తం, యాప్ చరిత్రలో ఒక్కో చెల్లింపుకూ కనిపించే 12 అంకెల గుర్తింపు నంబరు (యూటీఆర్), డబ్బు వెళ్లిన యూపీఐ ఐడీ, వాట్సాప్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో జరిగిన మాటల స్క్రీన్‌షాట్లు. ఆ చాట్‌ను తమ్ముడు సిగ్గుతో చెరిపేసేలోగా తీసుకోండి. ఖాతా అమ్మ పేరు మీద ఉంది కాబట్టి ఫిర్యాదుదారు అమ్మే. పోలీసులు తన పేరు రాసుకుంటారని వాడు హడలిపోతూ ఉంటాడు. ఫిర్యాదు మోసగాడి మీదేనని వాడికి విడమరిచి చెప్పండి. ఇంకో సంగతి. ‘పోయిన డబ్బు రప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి’ అంటూ టెలిగ్రామ్‌లో ఎవరైనా తగిలితే అది రెండో మోసం.

జీమెయిల్‌ను డబ్బు కంటే తొందరగా చూడండి. ఆ ఖాతాలో గేమ్ ఒక్కటే ఉండదు, ఫొటోలు, కాంటాక్టులు, దాచిన పాస్‌వర్డ్‌లు కూడా ఉంటాయి. ఎప్పుడూ వాడిన అదే ఫోన్ నుంచి, ఇంట్లో ఉన్నప్పుడే గూగుల్ ఖాతా రికవరీ పేజీ తెరవండి. మోసగాడు రికవరీ నంబరు మార్చేసినా, మార్చిన వారం దాకా పాత నంబరుతో ప్రయత్నించే వీలు గూగుల్ ఇస్తుంది. మీకు ఆ గడువు దాటినట్టే ఉంది, అయినా ఒకసారి చూడండి. రాకపోతే ఆ మెయిల్‌తో తెరిచిన మిగతా ఖాతాలన్నిటికీ వేరే మెయిల్ పెట్టి పాస్‌వర్డ్‌లు మార్చేయండి.

ఇక 36 వేలు. ప్లే స్టోర్‌లో కొన్నవాటికి 48 గంటల్లోపు అడిగితేనే గూగుల్ తానే రిఫండ్ చూస్తుంది. తర్వాత గేమ్ కంపెనీని అడుక్కోవాలి. ప్లే స్టోర్‌లో వాడి ప్రొఫైల్ బొమ్మ నొక్కి చెల్లింపుల చరిత్రలోకి వెళ్తే ఒక్కో కొనుగోలుకూ ‘జీపీఏ’తో మొదలయ్యే ఆర్డరు నంబరు ఉంటుంది. అది జీమెయిల్‌కు కట్టిపడి ఉన్న చరిత్ర కాబట్టి, మెయిల్ చేజారితే పాస్‌బుక్ లెక్కే మీకు ఆధారం. మైనరు పిల్లాడు తల్లి అనుమతి లేకుండా కొన్నాడని, తేదీలూ మొత్తాలూ వేసి కంపెనీ సపోర్టుకు రాయండి. వస్తే అదృష్టం, లెక్కలో వేసుకోకండి. బ్యాంకు దగ్గర మాత్రం ఎక్కువ ఆశించకండి. సరైన పిన్ కొట్టి చేసిన చెల్లింపును వాళ్లు దొంగతనంగా చూడరు.

వాడికి ఆ పిన్ ఎలా తెలిసిందని మీరు అడగలేదు, నాకు అసలు విషయం అక్కడే కనిపిస్తోంది. అమ్మకు ఫోన్‌పే పెట్టిచ్చింది బహుశా వాడే. మనవైపు, మగవాళ్లు వీరావల్‌కో చెన్నైకో పోయిన ఇళ్లలో కరెంటు బిల్లు, గ్యాసు, చీటీ డబ్బు, బ్యాంకు మెసేజీ చదివి చెప్పడం అన్నీ ఇంటర్ చదివే పిల్లాడి మీదే పడతాయి. 16 ఏళ్లవాడు ఇంటికి గుమాస్తా అయిపోయాడు, లెక్క అడిగేవాళ్లు లేరు. వాడు చేసింది తప్పే. అయితే మీరు ముందు సరిచేయాల్సింది ఈ ఏర్పాటును. గేమ్ మాన్పించి పిన్ వాడి దగ్గరే ఉంచితే రేపు డబ్బు ఇంకో దారిన పోతుంది.

ఈ వారంలో మీరు దగ్గరుండి చేయించండి. అమ్మ యూపీఐ పిన్ మార్చండి. డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ, ఓటీపీ కావాలి. కొత్త పిన్ అమ్మే కొట్టాలి, మీరు కూడా చూడొద్దు. యాప్ భాషను తెలుగులోకి మార్చి, చెల్లింపు చరిత్ర ఎలా చూడాలో అమ్మచేత నాలుగైదు సార్లు చేయించండి. యూపీఐ లైట్ ఉంటే ఆపేయండి, అందులో చిన్న మొత్తాలు పిన్ లేకుండానే పోతాయి. గేమ్ వజ్రాలు కొనేది చిన్న మొత్తాల్లోనే. ఆటోపే జాబితా తెరిచి, వారం వారం కోసుకునే మెంబర్‌షిప్ ఏదైనా ఉంటే రద్దు చేయండి. ఆపైన నాన్న పంపే డబ్బు యూపీఐతో కలపని వేరే ఖాతాలో పడాలి. పోస్టాఫీసు పొదుపు ఖాతా అయినా ఫరవాలేదు. ఫోన్‌లో ఉన్న ఖాతాలో ఇంటి ఖర్చుకు రెండు వేలు మించి ఉంచకండి. బ్యాంకులో రాసిచ్చిన నంబరు సిమ్ ఉన్న ఫోన్ అమ్మ దగ్గరే ఉండాలి. డబ్బు కటింగ్ మెసేజీ వచ్చిన ‘టింగ్’ అమ్మ చెవిన పడాలి. ఇన్నాళ్లూ ఆ మెసేజీలు వచ్చే ఉంటాయి, వాడు చెరిపేసి ఉంటాడు.

అప్పుడే ఫోన్‌లో ఇంకేమున్నాయో కూడా చూడండి. పోయింది రాబట్టుకోవాలన్న ఆత్రంలో ఉన్న పిల్లలు రంగుల మీద పందెం కాసే కలర్ ట్రేడింగ్, రమ్మీ, లోన్ యాప్‌ల వైపు జారతారు. డబ్బు పెట్టి ఆడే ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం చేసింది. అయినా లింకులు వస్తూనే ఉంటాయి. ‘ఫ్రీ డైమండ్స్’ అని చెప్పి ప్లే స్టోర్ బయట దింపుకోమనే ఫైళ్లు ఓటీపీలు చదివే అనుమతులు అడగొచ్చు. అలాంటిది కనిపిస్తే, ముందు ఫిర్యాదుకు కావాల్సిన ఆధారాలు వేరేచోట దాచుకుని, ఆ తర్వాత ఫోన్‌లో అన్నీ చెరిపేసే ఫ్యాక్టరీ రీసెట్ చేయించడం మేలు.

36 వేలు ఒక్కసారి పోయి ఉండవు. 80, 240, 400 అలా చిన్నచిన్నగా పోయి ఉంటాయి. గేమ్‌లో రూపాయిని ముందు వజ్రాలుగా మారుస్తారు, దానితో ఖర్చు కంటికి ఆనదు. కావాల్సిన వస్తువు ధరా, అమ్మే వజ్రాల ప్యాకూ సరిపోలవు, ఎప్పుడూ కొన్ని మిగిలిపోతాయి, వాటిని వృథా చేయడం ఎందుకని ఇంకో ప్యాకు. గేమ్‌లో బహుమతుల కోసం తిప్పే కొన్ని చక్రాల్లో మొదటి స్పిన్‌కు పది లోపు వజ్రాలు చాలు, తిప్పినకొద్దీ ధర పెరిగి చివరివి వందల్లోకి పోతాయి. వచ్చిన బహుమతి చక్రం నుంచి తొలగిపోతుంది కాబట్టి ‘ఇంక రెండే మిగిలాయి, తర్వాత అదే వస్తుంది’ అనిపిస్తుంది. అక్కడిదాకా వచ్చి ఆగడం పెద్దవాళ్లకే కష్టం. ‘తుపాకీ స్కిన్ (తుపాకీకి వేసే రంగుల తొడుగు) లేకపోతే గెలవలేం’ అని వాడు అంటే పూర్తిగా కొట్టిపారేయకండి. ఈ గేమ్‌లో కొన్ని స్కిన్‌లు తుపాకీ దెబ్బనో వేగాన్నో నిజంగానే కొంచెం పెంచుతాయి. ‘రంగు బొమ్మకు ఇంత తగలేశావా’ అంటే, వీళ్లకేం తెలియదని వాడు చెవులు మూసేసుకుంటాడు.

ఐడీ పోయిన బాధనూ చిన్నచూపు చూడకండి. ర్యాంకు, గిల్డ్‌లో (ఆటగాళ్ల గుంపులో) పేరు, రాత్రిళ్లు మైకులో మాట్లాడే స్నేహితులు అన్నీ ఒక్క పాస్‌వర్డ్‌తో పోయాయి. అన్నం తినకపోవడంలో అపరాధ భావం ఎంతుందో ఈ దిగులూ అంతే ఉండొచ్చు. ఫోన్ వెంటనే దూరం కావడంతో మొదటి వారం రెండు వారాలు చిరాకు, నిద్రపట్టకపోవడం ఉంటాయి, గొడవ పడతాడని ముందే అనుకుని ఉండండి. ఐడీ ఎలాగూ పోయింది కాబట్టి ఒక నెల కొత్త ఐడీ తెరవకూడదన్నది న్యాయమైన షరతే. ఫోన్ మాత్రం పగలగొట్టకండి, ఫిర్యాదుకు ఆధారాలు అందులోనే ఉన్నాయి.

పూర్తిగా మాన్పించాలన్న మీ పట్టుదలతో నేను ఏకీభవించను. దాచి ఆడే ఆట కంటే కనిపించే ఆట నయం. నెల దాటాక ఆడనిచ్చేటప్పుడు ‘అరగంట’ అనొద్దు, ‘రెండు మ్యాచులు’ అనండి. ఫ్రీ ఫైర్ పెద్ద మ్యాచ్, మొదలయ్యేదాకా ఎదురుచూసే సమయంతో కలిపి పావుగంట దాకా నడుస్తుంది. మధ్యలో ఆపితే ర్యాంకు పాయింట్లు పోతాయి, జట్టువాళ్లు తిడతారు. అమ్మ ‘ఆపరా’ అన్న క్షణంలో వాడు అరిచేది ఎక్కువగా అందుకే. మ్యాచ్ లెక్కయితే ఎక్కడ ఆపాలో వాడికే తెలుస్తుంది. రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ అమ్మ గదిలో చార్జింగ్‌కు పెట్టాలి. ఈ వయసుకు ఎనిమిది గంటలకు తక్కువ కాకుండా నిద్ర కావాలి. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగే సెట్టింగు పెట్టి, ఆ పాస్‌వర్డ్ మీ దగ్గర ఉంచుకోండి. సాయంత్రాలకు గెలుపోటములున్న ఆటే ఏదైనా కావాలి, కబడ్డీయో వాలీబాలో. ‘వాకింగ్‌కు వెళ్లు’ అంటే వెళ్లడు.

పోయిన 43 వేలు వాడు ఇంటికి పడిన అప్పు, దాన్ని మీ జీతంతో తీర్చకండి. ఎండుచేపల కొనుగోలు, అమ్మకం లెక్క ఆదివారం ఆదివారం వాడు పుస్తకంలో రాసి అమ్మకు చదివి వినిపించాలి, ఆ పనికి ఇంత అని నెలనెలా అప్పులోంచి కొట్టేయండి. కొట్టేసేది 300 అయినా సరే. ఆ పుస్తకంలో ఉండాల్సింది అంకెలే, ఫోన్ వాడి చేతిలో ఉండక్కర్లేదు.

నాన్నకు చెప్పాలి. దాచితే నెలనెలా ఆయన అడిగే ‘ఖాతాలో ఎంతుంది?’ అన్న ప్రశ్నకు అమ్మ అబద్ధం చెప్పాల్సి వస్తుంది. ఎప్పుడు చెప్పాలన్నది ముఖ్యం. బోటు కదలబోయే ముందు చెప్పకండి. లోపలికి పోతే సిగ్నలుండదు, ఆ కోపంతో రోజుల తరబడి నీళ్ల మీద ఒంటరిగా నలుగుతారు, పనిలో పరధ్యానం ప్రమాదం కూడా. ఒడ్డుకు వచ్చి, చేప దించి, అన్నం తిన్న తర్వాత మీరు చేయండి. ‘నాన్నా, తమ్ముడు తప్పు చేశాడు, 43 వేలు పోయాయి. పిన్ మార్చేశాం, ఫిర్యాదు చేశాం. వాడు చచ్చిపోతానన్నాడు, అందుకే ఇప్పుడు తిట్టొద్దు. రేపు వాడే మీతో మాట్లాడతాడు’ అని ఈ వరుసలోనే చెప్పండి. మర్నాడు వాడు తన నోటితో చెప్పాలి, పక్కన మీరు ఉండాలి. ‘వచ్చాక నీ సంగతి చెప్తా’ అన్న ఒక్క మాట ఆయన అనకుండా చూడండి. ఆయన ఊరు చేరేదాకా ఆ బెదిరింపు కిందే వాడు బతకాలి.

కాలేజీకి ఈ సోమవారం నుంచే పంపండి. ఇంటర్ బోర్డు 75 శాతం హాజరు అడుగుతుంది, పది రోజులు పోయాయి కాబట్టి లెక్చరర్‌ను కలిసి ‘ఆరోగ్యం బాలేదు’ అని చెబితే చాలు, డబ్బు కథ అక్కర్లేదు. గేమింగ్ డిజార్డర్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లో ఉన్న తన జబ్బుల జాబితాలో చేర్చింది. దానికి అదుపు తప్పడం, మిగతా పనులన్నీ వెనక్కి పోవడం, నష్టమని తెలిసినా కొనసాగించడం మామూలుగా ఏడాది పాటు కనిపించాలి. అయిదు నెలల ఖర్చు చూసి వాడికి ఆ పేరు తగిలించకండి. నెల గడిచాక కూడా కాలేజీ ఎగ్గొట్టి స్నేహితుల ఫోన్లో ఆడుతున్నా, ఇంట్లో డబ్బు మళ్లీ పోయినా, నిద్రా తిండీ దారికి రాకపోయినా రిమ్స్‌లో మానసిక వైద్యుల ఓపీకి తీసుకెళ్లండి. వాడిని ఒక్కడినే పంపకుండా అమ్మ గానీ మీరు గానీ లోపలిదాకా వెళ్లండి, పాస్‌బుక్ ప్రింట్ వెంట తీసుకెళ్లండి. ఏ నెలలో ఎంత పెట్టాడో డాక్టరుకు అందులోనే తెలిసిపోతుంది.