అది ఒళ్లు చేయడం కాదండీ, నీరు

హార్ట్ ఫెయిల్యూర్‌తో (గుండె రక్తాన్ని సరిగా పంప్ చేయలేకపోవడం) ఆస్పత్రిలో ఉండి ఇంటికొచ్చిన మీ నాన్నగారు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగారు, తిండి వంటబట్టిందా అని మీరు అడిగారు. అంత త్వరగా కండ పట్టదండీ, నీరు చేరుతున్నట్టుంది. చెకప్ తేదీ దాకా ఆగకుండా ఇవాళే డాక్టరుకి ఫోన్ చేయండి. నీటి మాత్ర (ఒంట్లో నీరు మూత్రంలో పోయేలా చేసేది) మీ అంతట మీరు పెంచొద్దు, ఆపొద్దు. పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చుంటుంటే మాత్రం నేరుగా ఎమర్జెన్సీకే.

రోజూ పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, టిఫిన్‌కి ముందు, ఒకే మిషన్ మీద బరువు చూసి క్యాలెండర్‌లో రాయండి. మోకాలి కింద కాలి ముందువైపు ఎముక మీద బొటనవేలితో నొక్కితే, నీరు చేరినట్టు గుంట పడుతోందా చూడండి. మా అమ్మకి కూరలో ఉప్పు తగ్గించాం గానీ, మజ్జిగన్నంలో నంజుకునే ఆవకాయలోని ఉప్పు సంగతే మరిచాం! మోకాళ్ల నొప్పులకి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కొనకండి, నీరు ఇంకా పడుతుంది. చెకప్‌కి వెళ్లినప్పుడు పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది) రక్తపరీక్షలు ఎప్పుడు చేయించాలో అడగండి.