ముందు కబురు చెప్పు

అమ్మలూ,

మన షాపు న్యూస్‌లెటర్ కోసం నువ్వు రాసింది చదివాను. నీకు రాయడం వచ్చు, అందులో అనుమానం లేదు. కానీ తెలంగాణలోని నేతగాళ్ల ఊరు పుట్టపాక నుంచి తేలియా దుపట్టాలు వచ్చాయన్న అసలు కబురు ఐదో పేరాలో ఉంది. దానికి ముందు నమస్కారాలు, పండగ శుభాకాంక్షలు, ‘నాణ్యతకు మారుపేరు’. అక్కడిదాకా ఎవరు చదువుతారమ్మా? మన కస్టమర్లు బస్సులోనో, ఆఫీసులో టీ తాగుతూనో ఫోన్ చూస్తారు. మొదటి రెండు లైన్లలో సంగతి తెలియకపోతే ఇంకో మెయిల్‌కి పోతారు.

అందుకని ఆ పేరాను పైకి తెచ్చి ఇలా మొదలుపెట్టు: ‘ఈ వారం పుట్టపాక నుంచి నాలుగు తేలియా దుపట్టాలు వచ్చాయి. ఎరుపు, నలుపు, తెలుపు. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో నానబెట్టి నేసినవి. కొత్తలో కాస్త నూనె వాసన ఉంటుంది.’ ‘అద్భుతం’, ‘అపురూపం’ లాంటి మాటలేవీ లేవు చూడు. ఆ వాసన సంగతి దాచకుండా చెప్పావు కాబట్టే అసలు సరుకని నమ్ముతారు. ఈ నేతకు అసలు పేరు తేలియా రుమాల్, దానికి 2020లో జీఐ గుర్తింపు (ఫలానా చోటి సరుకే అన్న ప్రభుత్వ ముద్ర) వచ్చిందని ఒక్క ముక్క చాలు, చరిత్రంతా వద్దు. కింద ధర, ఒక్క లింకు. ధర మాత్రం తప్పకుండా పెట్టు, ఫోన్ చేసి కనుక్కునే ఓపిక ఎవరికీ లేదు. ఇకత్ చీరలు, డిస్కౌంట్లు ఇందులోనే కుక్కకు, వచ్చే వారం రాద్దువుగాని.

సబ్జెక్ట్ లైన్ ఆఖర్న రాయి. ఫోన్‌లో ఐదారు మాటలకు మించి కనిపించవు. ‘ఆగస్టు సంచిక’ అని పెట్టి ఆ కాస్త చోటు పాడుచెయ్యకు. ‘పుట్టపాక నుంచి నాలుగే వచ్చాయి’ అను. నిజంగా నాలుగే ఉంటేనే సుమా! లేని తొందర పెడితే ఈసారికి కొంటారేమో గానీ, మళ్లీ మన మెయిల్ తెరవరు.

వివరాలన్నీ ఫొటో మీదే రాసి పంపకు. ఫొటో లోడ్ కాకపోతే వాళ్లకు ఖాళీ పేజీ మిగులుతుంది. ఫొటోలు కాక మెయిల్ రాత, కోడ్ కలిపి 102 కేబీ దాటితే జీమెయిల్ మిగతాది కత్తిరించి చూపిస్తుంది, అడుగున ఉన్న అన్‌సబ్‌స్క్రైబ్ లింకు కూడా అందులో పోతుంది. వద్దనుకున్నవాళ్లను హాయిగా వెళ్లనివ్వాలి, లేకపోతే స్పామ్‌లో వేస్తారు.

ఎంతమంది తెరిచారన్న లెక్క చూసి టెన్షన్ పడకు, పొంగిపోకు. 2021లో వచ్చిన ప్రైవసీ సెట్టింగ్ వల్ల ఆపిల్ మెయిల్‌లో చదవకపోయినా తెరిచినట్టే పడుతుంది. లింకు ఎందరు నొక్కారు, తిరిగి ఎందరు రాశారు, అది చూడు.

పంపే ముందు ఒకసారి పైకి చదువు. ఊపిరి అందని వాక్యాన్ని రెండు చెయ్యి. శుక్రవారంలోపు తిరగరాసి నాకు పంపు, చూస్తాను.

పెదనాన్న