నాచు తొట్టె గాలిని ఎంత శుభ్రం చేస్తుంది?

ప్రశ్న: 20 లీటర్ల గాజు తొట్టెలో క్లోరెల్లా అనే సూక్ష్మ నాచును పెంచితే గదిలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుందా?

జవాబు: తగ్గుతుంది, కానీ మీకు తెలిసేంతగా కాదు. ఒక గ్రాము ఎండు నాచు తయారవడానికి సుమారు 1.8 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ కావాలి. మనిషి రోజుకు దాదాపు కిలో వదులుతాడు. అంటే ఒక్కరి ఊపిరికి సరిపెట్టాలన్నా రోజూ అరకిలోకు పైగా ఎండు నాచు రావాలి. ఇంటి తొట్టె లీటరుకు రోజుకు 0.2 గ్రాములు ఇస్తే మంచి పంటే. ఆ లెక్కన మీకు వచ్చేది 4 గ్రాములు, అది పీల్చేది 7 గ్రాములు.

అదైనా గాలి సరిగా అందితేనే. చాలామంది పట్టించుకోనిది ఇదే. బయటి గాలిలో ఈ వాయువు 0.04 శాతమే, ఘనమీటరుకు ముప్పావు గ్రాము. నిమిషానికి 2 లీటర్లు ఊదే చేపల తొట్టె పంపు రోజంతా ఆడినా పంపేది 2.9 ఘనమీటర్ల గాలి. అందులో ఉన్నదంతా నాచు తినేసినా 2.2 గ్రాములు దాటదు. తలుపులు మూసి, జనం కూర్చున్న గదిలో ఇది రెట్టింపు, అంతకు మించీ ఉంటుంది కాబట్టి కాస్త నయం. వంటసోడా కలిపితే పెరుగుదల పుంజుకున్నట్టు కనిపిస్తుంది గానీ, అప్పుడు నాచు ఎక్కువగా తినేది సోడాలోని కార్బన్‌నే. దాన్ని గాలి శుభ్రపడిన లెక్కలో వేయకండి.

ప్రశ్న: మొదటి వారం చక్కగా పచ్చబడిన నీళ్లు తర్వాత పసుపు తిరిగాయి. అడుగున మడ్డి కూడా చేరింది. ఏం చేయాలి?

జవాబు: పసుపు రంగుకు ముందు అనుమానించాల్సింది నైట్రోజన్ కొరతను. గ్రాము ఎండు నాచులో 70 నుంచి 80 మిల్లీగ్రాముల నైట్రోజన్ ఉంటుంది. రోజుకు గ్రాము పెరిగే తొట్టెకు వారానికి సుమారు 3.5 గ్రాముల పొటాషియం నైట్రేట్ సరిపోతుంది. దాంతోపాటు కొద్దిగా ఫాస్ఫేట్, మెగ్నీషియం, ఇనుము కావాలి. మడ్డి చేరిందంటే గాలి రాయి (పంపు గొట్టం చివర బుడగలు వదిలే రాయి) అడుగుదాకా చేరడం లేదు. కింద పడిన కణాలు వెలుతురు అందక కుళ్లుతాయి. రాయిని అడుగున మధ్యకు జరపండి, గోడలకు పట్టిన పొరను వారానికోసారి గీకండి.

నీళ్లు మరీ చిక్కబడినా ముప్పే. తెల్ల చెంచా ముంచి చూడండి. 3 సెంటీమీటర్ల లోతులోనే కనబడకుండా పోతే లోపలి కణాలు చీకట్లో ఉన్నట్టు. మూడో వంతు తీసేసి, క్లోరిన్ పోయిన నీళ్లు, పోషకాలు పోయండి. ఉష్ణోగ్రత 25–28 డిగ్రీలు బాగుంటుంది, 35 దాటితే నాచు నీరసిస్తుంది.

రెండు రోజుల్లోనే నీళ్లు తేటపడి, గ్లాసును వెలుతురుకు పట్టి చూస్తే చుక్కలు కదులుతున్నాయా? అవి రొటిఫర్లు అనే అతి చిన్న నీటి జీవులు అయి ఉండవచ్చు, నాచును మేసేస్తాయి. మందులు వెతక్కండి. అంతా పారబోసి, తొట్టెను బ్లీచింగ్‌తో కడిగి, విడిగా దాచిన సీసాలోని విత్తనపు నాచుతో మళ్లీ మొదలుపెట్టండి. అలాంటి సీసా ఒకటి ఎప్పుడూ ఉండాలి.

ప్రశ్న: నగర కూడళ్లలో చెట్లకు బదులు నాచు తొట్టెలు పెట్టవచ్చా?

జవాబు: బదులుగా వద్దు. 2021లో సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో 600 లీటర్ల 'లిక్విడ్ 3' తొట్టె పెట్టారు. అది పదేళ్ల వయసున్న రెండు చెట్ల పని చేస్తుందని రూపకర్తలు చెప్పారు. నేల దొరకని కాంక్రీటు చోట్లకు ఇది పనికొస్తుంది, చెట్టిచ్చే నీడా చల్లదనం మాత్రం ఇవ్వదు. తీసిన నాచును ఏం చేస్తారన్నదీ ముఖ్యమే. మురుగులో వదిలితే అది కుళ్లి, పీల్చిన కార్బన్‌లో చాలా భాగం తిరిగి గాలిలోకే పోతుంది. మా ఉద్దేశంలో ఈ పద్ధతికి అసలు చోటు పొగగొట్టాల పక్కన. అక్కడ కార్బన్ డయాక్సైడ్ పది శాతం దాకా ఉంటుంది కాబట్టి, గాలి కొరత అన్న మాటే రాదు.