ఫ్రీజ్ అయిన ఖాతా గురించి పెదనాన్న ఉత్తరం

బుజ్జీ,

నిన్న ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే సగం మాటలు అర్థం కాలేదు. రాత్రి మీ ఆయనతో మాట్లాడాక సంగతి తెలిసింది. ఎవరో ఒకావిడ నీ దగ్గర మూడు మంగళగిరి చీరలు కొని 18,400 రూపాయలు యూపీఐలో పంపారు. పది రోజులకు నీ ఖాతా ఫ్రీజ్ అయింది. అందులో 2,36,000 ఇరుక్కుపోయాయి. బ్యాంకులో అడిగితే కౌంటర్‌లో అమ్మాయి “సైబర్ క్రైమ్ వాళ్లనే అడగండి మేడమ్” అని పంపేసింది.

ఆ అమ్మాయిని తిట్టుకోకు. బ్యాంకు సర్వీసు చివర్లో నేనూ అదే మాట చెప్పి పంపేవాణ్ని. రిటైర్డ్ టీచర్ ఒకాయన ఇలాగే మూడుసార్లు తిరిగారు. మూడోసారి నా టేబుల్ మీద మందుల చీటీ పెట్టి, ఏమీ మాట్లాడకుండా నిలబడ్డారు. అప్పుడు లేచి పోలీసుల మెయిల్ తీసి చూస్తే అందులో ఆపమన్నది 6,000 రూపాయలే. మేం ఆపింది ఖాతా మొత్తం. ఆ సంగతి మొదటి రోజే చూసి చెప్పడానికి నాకు రెండు నిమిషాలు పట్టేది. ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గుగా ఉంటుంది.

అందుకే నువ్వు ముందు చేయాల్సింది ఒక్కటే. ఎవరు ఆపమన్నారు, ఎందుకు, ఎంత మొత్తానికి అన్నది కాగితం మీద తెచ్చుకో. మేనేజర్ పేరిట ఉత్తరం రాయి. ఫిర్యాదు నంబర్, ఏ రాష్ట్రం, ఏ పోలీస్ స్టేషన్, దర్యాప్తు అధికారి మెయిల్, వివాదంలో ఉన్న మొత్తం, ఖాతా అంతా ఆపారా లేక కొంత మొత్తానికే లీన్ (ఆ మొత్తం మాత్రం కదలకుండా పట్టి ఉంచడం) పెట్టారా, ఇవన్నీ అడుగు. రెండు కాపీలు పట్టుకెళ్లి ఒకదాని మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకో. నోటితో అడిగితే నోటితోనే పంపేస్తారు. ఉత్తరానికి మాత్రం జవాబు ఇవ్వక తప్పదు. 30 రోజుల్లో ఇవ్వకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. అయితే ఆశ పెట్టుకోకు, పోలీసులు పెట్టించిన ఫ్రీజ్‌ను అంబుడ్స్‌మన్ తీయరు. బ్యాంకు చేసిన తప్పు వరకే చూస్తారు.

ఇది ఎలా జరిగిందో తెలిస్తే నీకు సగం టెన్షన్ తగ్గుతుంది. ఎక్కడో ఎవరో మోసపోయి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఉంటారు. ఆ డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు పాకిందో చూసుకుంటూ పోతారు. ఒక్కో మజిలీని ‘లేయర్’ అంటారు. నీ చీరల డబ్బు ఆ దారిలో వచ్చింది, అంతే. ఖాతా ఆగినంత మాత్రాన నువ్వు నిందితురాలివైపోవు.

ఇక చట్టం. బ్యాంకు ఖాతా కూడా ఆస్తే, దర్యాప్తులో దాన్ని ఆపే అధికారం పోలీసులకు ఉందని సుప్రీంకోర్టు 1999లోనే చెప్పింది. కాబట్టి ‘మీకు హక్కే లేదు’ అని వాదనకు దిగకు. కానీ భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 106 ప్రకారం అలా ఆపిన సంగతి వాళ్లు వెంటనే మేజిస్ట్రేట్‌కు తెలియజేయాలి. ఏ కోర్టుకు, ఏ తేదీన తెలియజేశారని దర్యాప్తు అధికారికి మెయిల్‌లో మర్యాదగా అడుగు. చాలాచోట్ల ఈ ఒక్క ప్రశ్నకే కదలిక వస్తుంది.

18,400 కోసం 2,36,000 ఆపడం ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టే. కోర్టులూ ఆ మాటే అంటున్నాయి. వివాదంలో ఉన్న మొత్తం వరకే ఆపమని కేరళ హైకోర్టు 2023లో చెప్పింది. ఢిల్లీలో ఛోలే భటూరే అమ్ముకునే ఒకాయన ఖాతాలోకి 105 రూపాయలు వచ్చినందుకు ఖాతా మొత్తం ఆపేస్తే అక్కడి హైకోర్టు 2024లో తీయించింది. నీ మెయిల్లోనూ అదే కోరు: 18,400కి లీన్ ఉంచుకోండి, మిగతాది వదలండి.

మెయిల్‌కు జోడించాల్సినవి ఈ రాత్రే వెతుకు. నిజాం అంచు కనిపించేలా ఇంకో ఫోటో పెట్టమని ఆవిడ అడిగిన మెసేజ్, అడ్రస్ పంపిన మెసేజ్, డబ్బు పడిన స్క్రీన్‌షాట్, కొరియర్ రసీదు, మగ్గం దగ్గర చీరలు కొన్న బిల్లు. ఆవిడ చాట్‌ను కోపంతో డిలీట్ చేయకు, బ్లాకూ చేయకు.

“సగం డబ్బు పంపితే ఫ్రీజ్ తీసేస్తాం” అని ఫోన్ వస్తే పెట్టేయి. పోలీసు గొంతుతో మాట్లాడినా సరే. టెలిగ్రామ్‌లో ఫ్రీజ్ తీయిస్తామనే బ్రోకర్లూ ఆ బాపతే. పొరుగు రాష్ట్రం స్టేషన్‌కు రమ్మని సాక్షిగా నోటీసు వస్తే భయపడకు. అదే సంహిత సెక్షన్ 179 ప్రకారం ఆడవాళ్లను సాక్ష్యం కోసం వాళ్లు ఉంటున్న చోటుకు తప్ప వేరే ఎక్కడికీ రప్పించకూడదు. ఆ మాట రాసి, ఇక్కడే వివరాలు ఇస్తానని జవాబు పంపు. నోటీసులో వేరే సెక్షన్ ఉంటే మాత్రం జవాబిచ్చే ముందు లాయర్‌కు చూపించు. ఏ నోటీసు వచ్చినా మౌనంగా ఊరుకోవద్దు.

మెయిళ్లకు ఉలుకూ పలుకూ లేకపోతే కోర్టే. ఖాతా వదలమని అదే సంహిత సెక్షన్ 503 కింద మేజిస్ట్రేట్‌ను అడగొచ్చు గానీ, కేసు ఏ గుజరాత్‌లోనో ఉంటే అక్కడికి తిరగాలి. నీ ఖాతా ఇక్కడే ఉంది కాబట్టి మన హైకోర్టులో రిట్ (అధికారుల చర్యను ప్రశ్నించే పిటిషన్) వేయడమే నయమని నా అభిప్రాయం. హైకోర్టు ఉన్న నేలపాడు మీకు పక్కనేగా! ఫీజు గురించి ఆలోచించకు. లీగల్ సర్వీసెస్ చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. వాళ్ల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చెయ్యి.

ఈలోగా ఆ ఖాతా క్యూఆర్ షాపు గోడ మీద నుంచి పీకెయ్యి. డబ్బు లోపలికి వస్తుంది, బయటికి రాదు. నీ పేరిటే ఉన్న రెండో ఖాతా వాడుకో. మగ్గం ఆయనకు ఇచ్చిన చెక్కు ఉందన్నావు కదా, అది బ్యాంకులో వేయకముందే వెళ్లి సంగతి చెప్పు. ఒకవేళ బౌన్స్ అయి నోటీసు వచ్చినా, అందిన రోజు నుంచి 15 రోజుల్లో డబ్బు కడితే కేసు ఉండదు. కావాలంటే ఆ డబ్బు నేను సర్దుతాను, మీ ఆయనకు చెప్పక్కర్లేదు.

సోమవారం పదకొండింటికి బ్రాంచికి నేనూ వస్తాను. నువ్వే మాట్లాడు, నేను పక్కన కూర్చుంటాను. కొరియర్ రసీదు దొరికిందో లేదో రాత్రికి మెసేజ్ పెట్టు.

మీ పెదనాన్న